చదవడం నీది, రాయడం నాది

కిందటివారం మనం అరుణజ్యోతిని ఎల్లారెడ్డి బస్టాండులో, ఒక కాలు బస్సు మెట్టు మీద, ఇంకో కాలు బురదలో ఉండగా వదిలేశాం. ఎక్కిందా, వెనక్కి తిరిగిందా అని మీలో కొందరు నన్ను ఆడిపోసుకునే ఉంటారు. ఎక్కింది తల్లీ, ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది? మొగుడి మొహం చూసి ఎనిమిది నెలలైతే అయింది గానీ, ఆమె మనసులోని ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద అతనొక్కడే.

ఈ పేజీ మొదటిసారి తిప్పినవాళ్ల కోసం రెండు ముక్కలు. జ్యోతి ఎల్లారెడ్డి శివారులో ఒక హ్యాచరీ చూసుకుంటుంది. అంటే కోడి చేసే పనిని కరెంటుతో చేయించే చోటన్నమాట. అక్కడ సెట్టర్ అని బీరువా కన్నా పెద్ద పెట్టె ఉంది. అందులో గుడ్లు పేర్చి, మూడు వారాలు సమంగా వేడి తగిలేలా చూస్తే పిల్లలవుతాయి. వేడి ముప్పయ్యేడున్నర డిగ్రీల దగ్గర నిలబడాలి. కాస్త అటూ ఇటూ అయితే ఓర్చుకుంటాయి, మరీ తగ్గితే గుడ్డు లోపలే పిల్ల చచ్చిపోతుంది.

ఇప్పుడు సెట్టర్లో ఉన్న గుడ్లు చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చుట్టుకునే ఆడవాళ్లవి. పాలుకు ఇచ్చినవి. పాలుకు ఇవ్వడమంటే, గుడ్లు వాళ్లవి, వేడి హ్యాచరీది, పుట్టిన పిల్లలు చెరి సగం. కాగితం లేదు, సంతకం లేదు. ఆ ఆడవాళ్లు తమ నాటుకోళ్ల గుడ్లను గంపల్లో ఊక పోసి భద్రంగా తెచ్చి ఇచ్చింది యజమాని లక్ష్మీరాజం మొహం చూసి కాదు. అతన్ని నమ్మి ఒక్క ఈకైనా ఇవ్వరు. వాళ్లకు పెద్దదిక్కు హన్మవ్వ అనే ముసలామె. "జ్యోతమ్మ ఉన్నది, ఇయ్యుండ్రి" అని హన్మవ్వ అంటే ఇచ్చారు. శుక్రవారం వచ్చి పిల్లల్ని తీసుకుపోవాలి.

ఇవాళ బుధవారం. పొద్దున జ్యోతి సెట్టర్ తలుపు తీసి ఒక గుడ్డును కనురెప్పకు ఆనించుకుంది. అక్కడి ఆడవాళ్లు గుడ్డు వెచ్చదనం చూసే పద్ధతి అదే. చెయ్యి పనికి మొద్దుబారి ఉంటుంది, కనురెప్ప అలా కాదు. గుడ్డు చల్లగా తగిలింది. ఇంకోటి ఆనించుకుంది. అదీ అంతే. వేడినిచ్చే కాయిల్ ఒకటి ఎప్పుడో కాలిపోయి ఉంది. గోడమీది బోర్డు మాత్రం 37.6 అని నిక్షేపంగా చెబుతోంది. అప్పుడు తట్టిందామెకు, ఆదివారం నుంచీ ఆ అంకె 37.6 దగ్గరే ఉందని. పనామె సాలవ్వను సెట్టర్లో వేడినీళ్ల బకెట్లు పెట్టమని చెప్పి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని బస్టాండుకు పరిగెత్తింది.

ఇదీ కథ. ఇక బస్సు లింగంపేట దాటింది.

కిటికీ పక్క సీటులో కూర్చుని జ్యోతి ఆలోచిస్తున్నది గుడ్ల గురించేనంటే నమ్మకండి. సగం గుడ్ల గురించి, సగం ఆ అంకె గురించి. ఆ అంకెకో చరిత్ర ఉంది.

హ్యాచరీలో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. దాంట్లో రెండు పేర్ల మీద రెండు ప్రోగ్రాములు నడుస్తాయి. ఆమె మొగుడు అభిలాష్ పేరు మీద నడిచేది సెట్టర్లోకి పోయే తీగ ద్వారా వేడి ఎంతుందో తెలుసుకుంటుంది. జ్యోతి పేరు మీద నడిచేది ఆ అంకెను బోర్డు మీద చూపించి, గుడ్లు ఇచ్చిన ఆడవాళ్ల ఫోన్లకూ లక్ష్మీరాజం ఫోన్‌కూ పంపుతుంది. కంప్యూటర్ ఇలాంటి విషయాల్లో మహా నిక్కచ్చి. ఒకరి పేరు మీద నడిచే దాన్ని ఇంకొకరి సామాను ముట్టనివ్వదు, మొగుడూ పెళ్లాలైనా సరే. అందుకని మెమరీలో ఇద్దరి నడుమ ఒక చిన్న జాగా పెట్టాడు అభిలాష్. అన్నదమ్ములు పొలాలు పంచుకున్నాక మధ్యలో మిగిలిన ఉమ్మడి బావిలాంటిది. అతని ప్రోగ్రాం అందులో అంకె రాస్తుంది. ఆమెది చదువుతుంది. ఆమె రాయడానికి మాత్రం వీల్లేదు.

"నాకెందుకు వద్దు రాసుడు?" అని అప్పట్లో పోట్లాడింది జ్యోతి.

"చదువుడు నీది, రాసుడు నాది" అన్నాడు అతను నవ్వుతూ. "ఇద్దరం రాస్తే ఎవరిది నిజమో ఎట్ల తెలుస్తది?"

అవి కలిసున్న రోజులు. తర్వాత అతను కామారెడ్డిలో దుకాణం పెడదామన్నాడు. ఆమె రానంది. హ్యాచరీ వదలనంది. అంతే. పంచాయితీ పెట్టలేదు, పెద్దమనుషుల్ని పిలవలేదు. మొదట వారానికోసారి వచ్చేవాడు. తర్వాత పండగకు వచ్చాడు. ఆ తర్వాత రాలేదు. అంత చిన్న మాట మీద సంసారం తెగుతుందని ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తెగాక ఎవరు ముందు ఫోన్ చేయాలో అంతకన్నా తెలియదు. ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలింది కంప్యూటర్లో ఆ కాస్త జాగా.

మీరు నవ్వితే నవ్వండి, ఆమె ఆ అంకెతో కాపురం చేసింది. మధ్యాహ్నం సద్ది డబ్బా విప్పుకుని బోర్డుకు ఎదురుగా కూర్చునేది. 37.4 కాస్తా 37.5 అయితే, అతను కామారెడ్డిలో కూర్చుని దాన్ని చూసుకుంటున్నాడనుకునేది. "తిన్నవా?" అని అడిగేది. సాలవ్వ వినకుండా, పెదాలతోనే. ఒంటరిగా ఉన్న మనిషికి పలకరించడానికి ఏదో ఒకటి కావాలి. కొందరు పిల్లిని పెంచుకుంటారు, కొందరు టీవీతో మాట్లాడతారు. ఈమెకు అంకె దొరికింది.

కామారెడ్డిలో దిగేసరికి ముసురు పట్టింది. గంజు మార్కెట్ వెనక గల్లీలో, ఒక మేడ మెట్ల కింద ఉంది అభిలాష్ దుకాణం. మేడ లక్ష్మీరాజానిదే. లోపల విప్పదీసిన కంప్యూటర్లు, చుట్టలు చుట్టిన తీగలు, వాటి మధ్య స్టూలు మీద అభిలాష్. ఆమెను చూడగానే గబుక్కున లేచి నిలబడ్డాడు. చిక్కిపోయాడు. చొక్కా గుండీ ఒకటి వేరే రంగు దారంతో కుట్టుకున్నాడు. ఆ దారం తన కంటపడినందుకు జ్యోతికి తన మీద తనకే ఒళ్లు మండింది.

"జ్యోతీ! ఫోన్ చేస్తే బస్టాండ్ కాడికి వస్తుంటి గద."

"చేస్తే ఎత్తుతుంటివా?"

అతను స్టూలు ఆమె వైపు జరిపాడు. "కూసో. చాయ్ చెప్తా."

"చాయ్ తాగ రాలే. గా అంకె ఎందుకు కదుల్తలేదో చెప్పు. గుడ్లు సల్లబడ్డయి. కాయిల్ కాలింది. బోర్డు మీద మాత్రం మంచిగనే చూపెడ్తున్నది."

అభిలాష్ మొహం పాలిపోయింది. తన కంప్యూటర్ ముందు కూర్చుని ఎల్లారెడ్డి మిషన్ తెరిచాడు. ఇక్కణ్నుంచి దాన్ని చూసుకునే ఏర్పాటు అతనికి మొదట్నుంచీ ఉంది. రెండు మూడుసార్లు ఏదో కొట్టి చూశాడు.

"కాయిల్ సంగతి నాకు తెల్వదు" అన్నాడు మెల్లగా. "నా ప్రోగ్రాం నడుస్తలేదు."

"ఎప్పటిసంది?"

"ఆదివారం సంది."

"ప్రోగ్రామే లేకుంటే అంకె ఎట్ల కనవడ్తుంది? ఎవరు రాస్తున్నరు?"

"ఎవరు రాస్తలేరు. ప్రోగ్రాం పోయినా జాగ పోదు జ్యోతీ. దాన్ని మనమే తుడవాలె. లేకుంటే మిషన్ బంద్ చేసి మళ్ల పెట్టాలె. అప్పటిదాక ఆఖరికి ఏం రాసి ఉంటదో గదే ఉంటది. నీ ప్రోగ్రాం పోయి సూస్తది, అంకె ఉంటది, తెచ్చి చూపిస్తది. రాసినోడు ఉన్నడా పోయిండా దానికేం ఎర్క?"

జ్యోతి స్టూలు మీద కూర్చుంది.  రాసేవాడు ఎప్పుడో లేచి పోయాడు. ఆమె సోమవారం, మంగళవారం ఎదురుగా కూర్చుని అన్నం తిన్నది వాడు వదిలేసిన అంకెతో.

"ఆగిపోయిందని నీకు ఎర్కనేనా?"

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో చూడాలంటే అప్పుడు అభిలాష్‌ను చూడాలి. ఉలకడు, పలకడు.

"అడిగేది నిన్నే."

"నేనే బంద్ చేసిన."

బయట ఎవరో బండి స్టార్ట్ చేసుకుని పోయారు. 

"ఎందుకు?"

"అబద్ధం రాసుడు నాతోని కాలేదు." తల దించుకునే చెప్పాడు. "లోపలి తీగను ఎలుక కొరికింది. మిర్గంలనే, తొలకరి వానలప్పుడే."

"మిర్గంలనా?" జ్యోతి గొంతు పెరిగింది. "పొలాలు పొట్టకొచ్చినయి ఇప్పుడు! మిర్గం సంది తీగ లేకుంటే, అంకె దినాం ఎట్ల మారుతుండె? ఓపాలి నాలుగు, ఓపాలి ఐదు, ఓపాలి ఏడు... నేను చూస్తనే ఉన్న గద!"

"మారేటట్టు నేనే చేసిన. ముప్పయ్యేడున్నరకు జర అటు, జర ఇటు. ఏ అంకె రాయాలెనో కంప్యూటరే అనుకుంటది, గదే రాస్తది. చూసెటోళ్లకు నిజమే అనిపిస్తది."

ఇక్కడ కోపం రావాలి కదా మనిషికి. రాలేదు. ముందు సిగ్గు వచ్చింది. ఒంటి నిండా సిగ్గు. మిర్గం నుంచి ఇప్పటిదాకా ఎన్ని మధ్యాహ్నాలు ఆ అంకెను పలకరించింది! అటువైపు ఒక మనిషి ఉన్నాడనుకుంది. చూసుకుంటున్నాడనుకుంది. అటువైపు ఎవరూ లేరు. తీగ కూడా లేదు. వట్టి గోడతో మాట్లాడింది ఇన్నాళ్లూ. ఎనిమిది నెలలుగా ఒక్కతే ఉన్నా తాను ఒక్కతే అని ఎన్నడూ అనుకోని మనిషికి, ఆ మెట్ల కింది గదిలో, మొగుడికి మూరెడు దూరంలో కూర్చున్నప్పుడు ఆ సంగతి తెలిసింది. ఏడుపు వచ్చింది. అతని ముందు ఏడవడం ఇష్టంలేక మింగేసింది.

"ఎవరు చెయ్యమన్నరు?"

"సారు. కొత్త తీగ పెట్టెటందుకు పట్నంకెల్లి మనిషి రావాలె. అప్పటిదాక మెసేజ్‌లు ఆగితే ఆడోళ్లు గుడ్లు ఇయ్యరు, ఎట్లనన్న నడిపియ్యి అన్నడు. దుకాణం ఆయన మేడల ఉండె. కాదనలేకపోయిన."

లక్ష్మీరాజం సంగతి మీకు తెలిసిందే. గట్టిగా మాట్లాడడు, ఎవర్నీ తిట్టడు. తడిగుడ్డతో గొంతు కోసే రకం.

"నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు ఊకుంటవా? తెల్లారేసరికి హన్మవ్వకు చెప్తవు."

"చెప్తా! వాళ్ల గుడ్లు వాళ్లకు చెప్పకుంటే ఇంకెవరికి చెప్పాలె?"

"అందుకే జ్యోతీ..." అభిలాష్ ఆమె వైపు చూశాడు. దుకాణంలోకి వచ్చాక అతను సరిగ్గా చూడటం అదే మొదలు. "ఆదివారం బంద్ చేసిన. అంకె పోతది, బోర్డు ఖాళీ అయితది, నువ్వు పరేషానయ్యి నాకు ఫోన్ చేస్తవు, అప్పుడు అంతా చెప్దామనుకున్న. జాగ తుడుసుడు మర్సిపోయిన. అంకె గట్లనే ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు. ఆదివారం సంది ఫోన్ చేతుల పట్టుకొనే కూసున్న."

"మరి నువ్వే చెయ్యరాదా ఫోను?"

"నీకు రాదా?"

ఇదిగో, ఇదీ వాళ్ల సంసారం. ఇద్దరి దగ్గరా ఫోన్లున్నాయి. ఇద్దరికీ అవతలివాళ్ల నంబరు నోటికి వచ్చు. ఒకడు మాట్లాడటానికి బదులు ప్రోగ్రాం ఆపి కూర్చున్నాడు, ఒకతె మాట్లాడటానికి బదులు అంకెను చూస్తూ కూర్చుంది. మధ్యలో గుడ్లు చల్లబడ్డాయి. ఇద్దర్నీ చెరో చెంపా వాయించాలనిపిస్తుంది నాకు.

జ్యోతి కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే. అయిందేదో అయింది. కొన్ని గుడ్లు ఇంక బతికే ఉన్నయేమో, సాలవ్వ ఎసరు పోసి కొట్లాడ్తున్నది. నువ్వు నాతోని రా. శుక్రవారం ఆడోళ్లు వస్తరు. సారు ముంగట, వాళ్ల ముంగట నిలవడి ఉన్నదున్నట్టు చెప్పు. తీగ లేదు, అంకె అబద్ధం అని నీ నోటితోని చెప్పు. లేకుంటే పిల్లలు ఎందుకు కాలేదంటే నన్నే అంటరు. నాకు ఆ ఊళ్లె ఎవరున్నరు అభీ? హన్మవ్వ ఒక్కతే బిడ్డా అంటది. ఆమె గూడ అనకుంటే నేను ఏడికి పోవాలె?"

అభీ అన్న పిలుపు నోరు జారి వచ్చింది. ఇద్దరూ విన్నారు, విననట్టు ఊరుకున్నారు.

అతను ఏదో చెప్పబోయాడు. అంతలో అతని ఫోన్ మోగింది. పేరు చూసుకుని, గబగబా దుకాణం మెట్టు దిగి ముసురులోకి పోయాడు. జ్యోతికి మాటలన్నీ వినపడలేదు. "ఆ సార్... ఆ... ఇక్కడనే ఉన్నది సార్... సరే సార్" అన్నంత వరకు వినిపించింది. తిరిగి వచ్చి, తల మీది తడి తుడుచుకోకుండానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"వస్తా" అన్నాడు. "సాయంత్రం బస్సుకు వస్తా. అంతకుముంగట ఒక పని చేస్తా. నువ్వు ఎప్పటిసందో అడుగుతుంటివి కదా, నాకు గూడ రాసే హక్కు ఇయ్యమని. ఇస్తున్న."

జ్యోతి తెల్లబోయింది.

"ఇగ నా ప్రోగ్రాంతోని పని లేదు. వేడెంతున్నదో థర్మామీటర్ పెట్టి చూసి నువ్వే రాసుకో. నీ తెర మీద అంకె కింద ఒక డబ్బా ఉంటది చూడు, అది ఇగ పనిచేస్తది."

ఆ డబ్బా ఆమెకు తెలుసు. కరెంటు పోయిన రోజుల అంకెల్ని తర్వాత రాసుకోవడానికి కలిసున్నప్పుడే పెట్టాడు. ఏ రోజుదో చెప్పి అంకె కొడితే చాలు, రాసినవాళ్ల పేరుతో సహా అందరి ఫోన్లకూ పోతుంది. కానీ రాసే హక్కు అతనిదే కాబట్టి, ఆమె ఎప్పుడు నొక్కినా అనుమతి లేదు అనే వచ్చేది. ఇప్పుడతను రెండు మాటలు కొట్టాడు, పని అయిపోయింది. కొన్నేళ్లు అడిగింది రెప్పపాటులో చేతికొచ్చింది.

మనిషి మనసు ఎంత వెర్రిదో చూడండి. ఇంత మోసం బయటపడ్డాక, ఇంత ఏడుపు దిగమింగాక, ఆమెకు సంతోషమేసింది. నిజంగానే సంతోషమేసింది. తనను నమ్మాడనుకుంది. ఉమ్మడి బావిలో తనకూ సమానం పాలు ఇచ్చాడనుకుంది. సాయంత్రం ఇద్దరం ఒకే బస్సులో పోతామనుకుంది. సీటు పక్క సీటు.

"ఇగ చాయ్ చెప్పు" అంది.

చాయ్ వచ్చింది. గ్లాసు చేతికి తీసుకుంటుండగా ఆమె సంచిలో ఫోన్ టింగుమంది. తీసి చూసింది. తన ప్రోగ్రాం అందరికీ పంపే మెసేజే.

సోమవారం. సెట్టర్ వేడి 33.4. రాసినవారు: జ్యోతి.

ఆమెకు అర్థం కాలేదు. "అభీ, నువ్వు రాసినవా ఇది?"

"నేను రాస్తే నా పేరు పడ్తది."

ఫోన్ మళ్లీ టింగుమంది. మంగళవారం. సెట్టర్ వేడి 32.1. రాసినవారు: జ్యోతి.

జ్యోతి తన చేతుల వైపు చూసుకుంది. ఒక చేతిలో చాయ్ గ్లాసు, ఒక చేతిలో ఫోను. ఎల్లారెడ్డిలో తన తెరను మూసి రాలేదు. ఏనాడైనా మూస్తే కదా! హ్యాచరీ గదికి గొళ్లెమే పెట్టరు, కంప్యూటర్‌కు ఎవరు పెడతారు? ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లే జ్యోతి.

సాలవ్వకు ఫోన్ కలిపింది.

"ఎసరు పోస్తున్నవా సాలవ్వా? నా కుర్సీల ఎవరున్నరు?"

"సారు వచ్చిండమ్మా" అంది సాలవ్వ గుసగుసగా. "నన్ను బయటికి పొమ్మన్నడు. బకెట్లు గూడ తీయించిండు. నీ కుర్సీల కూసొని ఏందో కొడ్తున్నడు. ఇంతకుముందు గూడ కొట్టిండు, ఎర్రగ ఏదో వచ్చె. ఎవరికో ఫోన్ చేసి మళ్ల కూసున్నడు."

గ్లాసు కింద పెట్టింది జ్యోతి. పెట్టిందో, జారిందో. చాయ్ నేల మీద పారింది.

ఇందాకటిదాకా ఎవరేమన్నా ఆమె మీద నింద నిలిచేది కాదు. నాకు చదివే హక్కే ఉంది, రాసేది నేను కాదు అనేది. ఆ ఒక్క మాట ఆమెకు కాపు. ఇప్పుడు రాసే హక్కు ఉంది. రాసినట్టూ ఉంది. సోమవారమే వేడి పడిపోయిందని తెలిసి, చూసి, రాసి పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చున్న మనిషి అయింది ఆమె. తీగ మాట, ఎలుక మాట, అబద్ధపు అంకె మాట ఇక ఎవరడుగుతారు?

ఆమె అభిలాష్ వైపు చూసింది. అతను ఆశ్చర్యపోలేదు. ఎవరు రాశారని అడగలేదు. నేలమీద పారుతున్న చాయ్‌ని చూస్తున్నాడు.

"ఇందాక ఫోన్ చేసింది సారే కదా. ఏం అడిగిండు నిన్ను?"

"నాకు తెల్వదు జ్యోతీ. నీకు రాసే హక్కు ఇయ్యమన్నడు. ఇగ జిమ్మేదారి అంతా ఆమెకే ఇద్దామన్నడు. మంచిదే కదా అనుకున్న. ఒట్టు."

ఆ ఒట్టు నిజమో కాదో ఆమెకు తెలియలేదు. అతనికి మాత్రం తెలుసునని నేను అనుకోను. కొందరు మనుషులు ఎదుటివాడు చెప్పింది చేసేటప్పుడు లోపలికి తొంగి చూసుకోరు. చూసుకుంటే చేయలేమని వాళ్లకు తెలుసు.

"తీసెయ్" అంది జ్యోతి. "ఇచ్చింది వాపస్ తీస్కో. ఇప్పుడే."

"తీస్తా. గానీ, పోయిన మెసేజ్‌లు వాపస్ రావు గద."

ఫోన్ మోగింది. హన్మవ్వ. జ్యోతి చప్పున ఎత్తి చెవికి పెట్టుకుంది. అవతల గాలి హోరు, ఇంజను మోత, నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక్కసారే అరుస్తున్నారు. వాళ్లందరి మీదుగా ముసలామె గొంతు.

"సోమవారం సంది సల్లబడ్డయటనే బిడ్డా. నీకు ఎర్కనే అట."

"కాదు హన్మవ్వా, నేను రాయలే, నా మాట ఇను..."

"నీ పేరే ఉన్నది గదనే. నా మనుమరాలు రెండుసార్లు సదివింది. నాకొక్క మాట చెప్పకపోతివి. చెప్తే మా కోళ్ల కిందనే పెట్టుకుందుము గద." ఆమె గొంతులో కోపం లేదు, అదే భరించరానిదిగా ఉంది. "ఆటోల కూసున్నం. హ్యాచరీ కాడికే వస్తున్నం. నువ్వు ఉన్నవా ఆడ? ఏడున్నవు?"

జ్యోతి కళ్లు మూసుకుంది.

"కామారెడ్డిల" అంది.

హన్మవ్వ మాట్లాడేలోపే ఆటోలో ఇంకెవరో అన్నారు, ఫోన్‌లోకి స్పష్టంగా వినిపించేంత దగ్గర్నుంచి:

"చెప్పలేదా నీకు? ఊరిడిచి ఉరికింది."